రెండున్నరకు ఓటీపీ

జనగామ బజారులో స్టీలు సామాను అమ్మే రఘునాథ్‌కు నలభై ఎనిమిదేళ్లు. ఈ నలభై ఎనిమిదేళ్లలో ఆయన పని లేకుండా ఎవరికీ ఫోన్ చేసి ఎరగడు. చెల్లెలికి చేస్తే బోనాలకు ఎప్పుడొస్తున్నావని అడగడానికి, కంపెనీవాళ్లకు చేస్తే బిందెల లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి. అడగాల్సింది అడిగాక ఇంకో మాట దొరకదు. "సరే మరి, ఉంట" అనేస్తాడు. అవతలివాళ్లు కూడా ఆ మాట కోసమే కాచుకున్నట్టు టక్కున పెట్టేస్తారు.

అలాంటి మనిషి మధ్యాహ్నం రెండున్నరకు రావాల్సిన ఫోన్ కోసం పన్నెండు గంటల నుంచే గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టాడంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. దుకాణం ముందు సోడా బండి పెట్టుకునే రాజలింగానికి వచ్చింది.

"సేటూ, రెండున్నరకు ఎవరొస్తరు?" అని అడిగాడు.

"ఎవరూ రారు" అన్నాడు రఘునాథ్. నిజమే చెప్పాడు. వచ్చేది మనిషి కాదు, ఫోన్. అదీ ఓటీపీ కోసం. అయితే ఆ ఓటీపీ ఏ బ్యాంకుదో, గ్యాసు బండదో అయ్యుంటే ఈ కథ చెప్పుకోవాల్సిన అవసరమే లేదు. అది మనవాడు సొంతంగా తయారుచేసుకున్న ఓటీపీ. ఎందుకు తయారుచేశాడో చెప్పాలంటే ఇరవై మూడేళ్లు వెనక్కి పోవాలి.

వరంగల్‌లో ఎంసీఏ చదువుతున్నప్పుడు ప్రాజెక్టు కోసం పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతలు చేశారు. జనగామ వైశ్యుల అబ్బాయి రఘునాథ్‌కు టేకుమట్ల పటేళ్లింటి అమ్మాయి ప్రమీల జతగా వచ్చింది. వాళ్లకు అప్పజెప్పిన పని బ్యాక్‌గామన్ ఆడే ప్రోగ్రాము రాయడం. బ్యాక్‌గామన్ అంటే మన పచ్చీసుకు దూరపు చుట్టమనుకోవచ్చు. ఇద్దరికీ చెరో పదిహేను కాయలు, ఇరవై నాలుగు గళ్లు, రెండు పాచికలు. పడిన పందేన్ని బట్టి కాయలన్నీ ఇంటికి చేర్చి పండించుకోవాలి. ఒంటిగా దొరికిన కాయను అవతలివాళ్లు చంపితే అది మళ్లీ మొదటి నుంచి నడవాలి. ఇద్దరూ కలిసి ఒక ప్రోగ్రాము రాయమన్నారు సారు. వీళ్లు రెండు వారాలు కొట్లాడుకుని చెరొకటి రాశారు.

రఘునాథ్ తనదానికి తూఫాన్ అని పేరు పెట్టాడు. ప్రమీల తనదానికి వాళ్ల నాయినమ్మ నర్సవ్వ పేరు పెట్టింది. పచ్చీసులో ఒక్క కాయను కూడా ఒంటిగా వదలని మనిషట ఆవిడ. విచిత్రమేమంటే, బస్సులో కిటికీ మూయమని పక్కవాడికి చెప్పడానికి కూడా జంకే రఘునాథ్ రాసిన తూఫాన్, కాయల్ని నడి బజారులో ఒంటరిగా వదిలేసి చంపుకుంటే చంపుకోండన్నట్టు తిరిగేది. ల్యాబులో ఫ్యాన్లు తిరగడం లేదని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పొచ్చిన ప్రమీల రాసిన నర్సవ్వ మాత్రం తోడు లేనిదే గడప దాటేది కాదు. మనిషిలో లేనిదాన్ని రాతలో తీర్చుకోవడం అంటే ఇదేనేమో.

రెండింట్లో ఏది గెలుస్తుందో చూద్దామన్నారు సారు. ఆ ల్యాబులో ఒక కంప్యూటరుకూ ఇంకో కంప్యూటరుకూ సంబంధం లేదు. అందుకని ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ప్రమీల టీ సాసరులో పాచికలు వేసి పందెం చెప్పేది. ఎవరి ప్రోగ్రాము ఏ కాయను జరిపిందో వాళ్లు పైకి చదివితే రెండోవాళ్లు తమ కంప్యూటర్లో కొట్టేవారు. "పదమూడు నుంచి ఏడు." "ఎనిమిది నుంచి అయిదు." అలా మూడాటలు ఆడారు. నర్సవ్వ రెండు గెలిచింది, తూఫాన్ ఒకటి. మూడాటలతో ఏం తేలుతుంది, ఇంకా ఆడాలి అన్నాడు రఘునాథ్. ఆయన జీవితంలో గట్టిగా అన్న మాటలు అతి కొద్ది, అందులో అదొకటి. అయినా అటెండరు తాళాలు ఊపుకుంటూ వచ్చి ల్యాబు మూసేశాడు. ఇంకో నెలకు చదువే అయిపోయింది.

ప్రేమించాడా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న ఆయనే తనను తాను అడుక్కోలేదు, మనకెందుకు తొందర. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రెండేళ్లు పనిచేశాడు. తండ్రికి పక్షవాతం వస్తే జనగామ వచ్చి దుకాణంలో కూర్చున్నాడు, ఇక లేవలేదు. సుజాతతో పెళ్లయింది. సుజాత మంచి మనిషి, ఎంతటివాడినైనా నవ్వించే మనిషి. ఆమె ఉన్న పధ్నాలుగేళ్లూ రఘునాథ్ ఇంకొకరిని తలచుకోలేదు. ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి, లేకపోతే ఆమెకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆరేళ్ల కిందట జబ్బు చేసి దవాఖానలోనే పోయింది. కూతురు శ్రావ్య ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది.

ప్రమీల సంగతులు ఎప్పుడో ఒకటి చెవిన పడుతుండేవి. పెళ్లయిందని, పొసగక రెండేళ్లకే వచ్చేసిందని, భూపాలపల్లిలో డిగ్రీ కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతోందని. ఆ వచ్చేసిన సంగతి చెప్పేటప్పుడు పాత స్నేహితులు గొంతు తగ్గించేవారు. అందులో గొంతు తగ్గించాల్సిందేముందో అర్థం కాక రఘునాథ్‌కు చిరాకేసేది.

కిందటేడు మాఘమాసంలో, వాళ్లతో చదివిన అజిత్ మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకుని బ్యాచ్ మొత్తాన్నీ గృహప్రవేశానికి పిలిచాడు. రఘునాథ్ ప్యాసింజర్ రైల్లో వెళ్లాడు. భోజనాల దగ్గర ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని ప్రమీల కూర్చుంది. జుట్టు సగం నెరిసింది, రంగు వేయలేదు. కుశల ప్రశ్నలేమీ లేవు.

"నీ తూఫాన్ ఉన్నదా ఇంక?" అంది.

"సీడీల ఉన్నది."

"నా నర్సవ్వ గూడ ఉన్నది. మూడాటలకు ఏం తేలదంటివి గదా. మరి ఆడుదామా?"

ఆడారు. ఇద్దరూ పాత ప్రోగ్రాముల్ని కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు మళ్లీ రాసుకున్నారు. రోజుకొక ఆట, మధ్యాహ్నం రెండున్నరకు, ఫోన్లో. ఆ వేళకు జనగామ బజారులో గిరాకీ ఉండదు. భూపాలపల్లిలో ప్రమీలకు అప్పుడు క్లాసు ఉండదు. పాచికలు ఆమే వేసేది, ఈసారి స్టీలు పళ్లెంలో. గలగలమని చప్పుడు జనగామ దాకా వినిపించేది. "నాలుగు, మూడు" అని చెప్పేది. తూఫాన్ ఏం జరిపిందో ఇతను చదివేవాడు, నర్సవ్వ ఏం జరిపిందో ఆమె చదివేది. మొదట్లో ఒక ఆటకు అరగంట పట్టేది. ఉగాది నాటికి ముప్పావుగంట, ఎండాకాలం వచ్చేసరికి గంట పట్టసాగింది. ఆట పెరగలేదు, మధ్యలో మాటలు పెరిగాయి. ఏం మాటలంటే చెప్పుకోదగ్గవేమీ కాదు. ఆమె అద్దెకుంటున్న ఇంటి మేడ మీద కోతుల బెడద, పాసు మార్కుల కోసం వెంటపడే పిల్లలు, ఆదివారం టేకుమట్ల వెళ్తే అన్నా వదినలు పొలానికి నీళ్ల గురించి పడిన గొడవ. ఇక్కడి నుంచి ఇతను బజారు కబుర్లు చెప్పేవాడు. తనకు ఇన్ని కబుర్లు తెలుసని రఘునాథ్‌కే అంతకుముందు తెలియదు.

తొలకరి వానలు పడుతుండగా ఒక రోజు ప్రమీల అంది: "ఇట్ల రోజుకొకటి ఆడితె మనం ముసలోల్లమైనా తేలదు రఘునాథ్. పాచికల ఆటల అదృష్టం ఎక్కువ. కనీసం ఓ పదివేల ఆటలన్న ఆడాలె. రెండిట్ని కలిపెయ్, వాటంతటవే ఆడుకుంటయ్. నువ్వు కంపెనీల గదే పని చేసినవ్ గదా."

ఆమె అడిగింది అన్ని విధాలా సబబు. చేయడం కష్టం కూడా కాదు. మధ్యలో ఇంకొక ప్రోగ్రాము కావాలి, అంతే. అది పాచికలు వేస్తుంది, పందెం తూఫాన్‌కు చెబుతుంది, తూఫాన్ ఎత్తు తీసుకెళ్లి నర్సవ్వకు చూపిస్తుంది, నర్సవ్వ ఎత్తు తెచ్చి ఇటు ఇస్తుంది, ఎవరైనా తప్పుగా జరిపితే ఒప్పుకోదు. ఇన్నాళ్లూ ఫోన్లో వీళ్లిద్దరూ చేసిందే అది చేస్తుంది. వీళ్లిద్దరూ చేసిందే అది చేసేస్తే, మరి వీళ్లిద్దరూ ఏం చేయాలి? రఘునాథ్‌ను తొలిచింది ఈ ప్రశ్నే. ఆట లేకపోతే ఫోన్ దేనికి? ఎనభై మైళ్ల అవతల ఒంటిగా ఉంటున్న ఆడమనిషికి, భార్య పోయిన షాపు సేటు రోజూ గంటసేపు ఏ పనుందని ఫోన్ చేస్తాడు?

"చూద్దాం" అన్నాడు.

చూద్దాం అన్న ఆ ఒక్క మాటను నాలుగు నెలలు సాగదీశాడు. శ్రావణంలో పెళ్లిళ్లన్నాడు. పెళ్లి సామాను కొన్నవాళ్లు పళ్లేల మీద, చెంబుల మీద పెళ్లికూతురి పేరు కొట్టించుకుంటారు; ఆ సన్న సూది మిషన్ పట్టుకునేది దుకాణంలో తానొక్కడే, చేతులు ఖాళీ లేవన్నాడు. వినాయక చవితన్నాడు. నెట్ సరిగ్గా రావడం లేదన్నాడు. చివరికి దసరా ముందు ప్రమీలకు విసుగొచ్చింది.

"నీకు రాకపోతె రాదని చెప్పు. మా ఫైనలియర్ పిల్లలతోని చేపిచ్చుకుంట."

రాదని ఎలా ఒప్పుకుంటాడు? నాలుగు రోజుల్లో మధ్యవర్తి ప్రోగ్రాము తయారైంది. ఇంటర్నెట్‌లో కాస్త చోటు అద్దెకు తీసుకుని, ఇద్దరూ చూసేట్టు, ఇద్దరూ మార్చుకునేట్టు అక్కడ పెట్టాడు. చూడ ముచ్చటగా పనిచేసింది. వంద ఆటలు పది నిమిషాల్లో పూర్తయ్యాయి. గెలుపోటముల పట్టికలో అంకెలు గబగబా మారుతుంటే దుకాణంలో ఒక్కడూ కూర్చుని చూశాడు. పాచికల చప్పుడు లేదు. ఆ రాత పూర్తి చేసిన తృప్తి ఆయనకు ఒక్క క్షణం కూడా దక్కలేదు.

అప్పుడు పుట్టింది ఓటీపీ ఆలోచన.

రోజుకు వంద ఆటలు కాగానే మధ్యవర్తి ఆగిపోతుంది. మర్నాడు మొదలుపెట్టాలంటే భూపాలపల్లిలో ప్రమీల కంప్యూటర్ నాలుగంకెల ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ జనగామలో రఘునాథ్ కంప్యూటర్ మీద పడుతుంది. అంటే ప్రమీల ఫోన్ చేసి అడగాలి, ఇతను చెప్పాలి. నిజం చెప్పాలంటే ఆ ఓటీపీకి ఏ శక్తీ లేదు. ఏ రోజైనా తాను ఫోన్ ఎత్తలేకపోతే ఆమె ఆట ఆగిపోకూడదన్న మెత్తని బుద్ధితో, ఏ నాలుగంకెలు కొట్టినా చాలనేట్టు రాశాడు. దొంగ తాళం వేయడం కూడా సరిగ్గా చేతకాని మనిషి.

"ఓటీపీ దేనికి? మన ఆట ఎవడు దొంగిలిస్తడు?" అని అడిగింది ప్రమీల మొదటి రోజు.

"రోజులు మంచిగ లేవు" అన్నాడు రఘునాథ్.

మర్నాటి నుంచి రెండున్నర కాగానే ఫోన్ మోగేది. "రఘునాథ్, ఓటీపీ చెప్పు." అతను కళ్లజోడు పెట్టుకుని, తెర మీద స్పష్టంగా కనబడుతున్న నాలుగంకెల్ని పాఠం చెప్పినంత నిదానంగా చెప్పేవాడు. ఏడు. ఆమె కూడా నిదానంగా, ఏడు, అనేది. రెండు. రెండు. ఆ తర్వాత ఆటలు వాటి మానాన అవి నడిచేవి, కబుర్లు వీళ్ల మానాన వీళ్లు చెప్పుకునేవారు. కార్తీకం, మార్గశిరం, పుష్యం. సుజాత పోయాక రఘునాథ్ పొద్దున్నే లేచి ఈ రోజు బాగుంటుందని అనుకున్నది ఆ మూడు నెలలే. ఒకసారి ఆమెకు జలుబు చేసి గొంతు పోతే ఓటీపీని గుసగుసగా తిరిగి చెప్పింది. ఆ గుసగుస రెండు రోజులు చెవిలో ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం రెండున్నర అయింది, ఫోన్ రాలేదు. క్లాసు పడిందేమో అనుకున్నాడు. రెండూ ముప్పై అయిదు. తెర వైపు చూశాడు. అక్కడ ఓటీపీ లేదు. నర్సవ్వ పేరు పక్కన, అవతలి కంప్యూటర్ కలిసిందని చెప్పే ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. తూఫాన్ పక్కనా వెలుగుతోంది. నలభై ఒకటో ఆట నడుస్తోంది. రెండున్నర కాగానే అదంతట అదే మొదలైపోయింది.

రఘునాథ్‌కు సంగతి అర్థమైంది. ఆమె ఆ రాత తెరిచి చూసింది. ఓటీపీ పీకేసింది. అది దేన్నీ కాపాడటం లేదని, ఏ అంకెలైనా ఒకటేనని, కేవలం ఫోన్ కోసం వేసిన వేషం అని ఆమెకు తెలిసిపోయింది. మొదటి సంవత్సరం పిల్లలకు కూడా అర్థమయ్యేంత పచ్చిగా రాశాడు మరి. తలెత్తుకోలేకపోయాడు. ఆ రాతలోకి వెళ్లి ఆమె ఏం మార్చిందో చూడాలన్నా సిగ్గేసింది. తన వరుసలు కొట్టేసి ఉంటాయి, అంతేగా, అది చూసి బాగుపడేదేముంది అనుకున్నాడు. ఫోన్ చేసి క్షమించమందామా అంటే, దేనికి అని అడిగితే ఏం చెప్పాలి? పోనీ ఆమే చేస్తుందేమోనని చూశాడు. వారం, నెల. ఆమె చేయలేదు.

ఆటలు మాత్రం ఆగలేదు. రోజూ సరిగ్గా రెండున్నరకు నర్సవ్వ పక్కన చుక్క ఆకుపచ్చగా మారేది. వంద ఆటలయ్యాక ఇంకా చాలాసేపు అలాగే ఉండేది. ఒక్కోసారి మూడున్నర దాకా. తర్వాత బూడిద రంగులోకి తిరిగేది. ఆయనకు భూపాలపల్లి నుంచి వచ్చే కబురు అదొక్కటే. చుక్క వెలిగిందంటే ఆమె ఉంది, కంప్యూటర్ ముందుందో లేదో తెలియదు, బాగానే ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ చుక్కను చూస్తూ తినేవాడు. ఏది మేలైన ప్రోగ్రామో కూడా తేలిపోయింది. ఎండాకాలం నాటికి పదివేలు దాటాయి. నూటికి యాభైమూడు నర్సవ్వవి. ఇరవై మూడేళ్ల సందేహం తీరిపోయింది. ఆ సంగతి చెప్పి నవ్వుకోవడానికి అవతల మనిషి లేదు.

ఆషాఢంలో వానలు దంచికొట్టినప్పుడు వరసగా రెండు రోజులు చుక్క వెలగలేదు. టీవీలో మహదేవపూర్ వైపు గోదావరి ఒడ్డు ఊళ్లు చూపిస్తున్నారు, రోడ్లు తెగాయంటున్నారు. రఘునాథ్‌కు కాలు నిలవలేదు. ఫోన్ తీసి పేరు దాకా వెళ్లేవాడు, బొటనవేలు అక్కడే ఆగిపోయేది. ఏమైంది, ఎట్లున్నవ్ అని అడగడానికి తానెవరు? అజిత్‌కు ఫోన్ చేసి భూపాలపల్లిలో వానలెట్లున్నాయట అని అడిగాడు. మహబూబాబాద్‌లో ఉన్నవాడికి భూపాలపల్లి వానల సంగతి ఏం తెలుస్తుంది? "టీవీ చూడరాదా?" అన్నాడు వాడు. మూడో రోజు రెండున్నరకు చుక్క వెలిగింది. ఆ సమయంలో గంటె బేరమాడుతున్న ముసలవ్వకు గంటెతో పాటు చాయ జల్లెడ కూడా ఊరికే చేతిలో పెట్టి పంపించాడు.

అదే నెల ఇంకో ఘనకార్యం చేశాడు. లింగాల ఘనపూర్ వాళ్లు శ్రావణంలో పెళ్లికి సామాను కొని, పెళ్లికూతురు ప్రసన్న పేరు కొట్టమని ఆరు గ్లాసులు ఇచ్చిపోయారు. సాయంత్రం తీసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి మేనత్త గ్లాసును దీపానికి ఎత్తి చూసింది.

"సేటూ, ప్రమీల ఎవరు?"

ఆరింటి మీదా అదే పేరు. "ప్ర" వరకు కళ్లు చూశాయి, అక్కడి నుంచి చెయ్యి తన దారిన తాను పోయింది. ఇరవై ఏళ్లుగా పేర్లు కొడుతున్నాడు, ఎప్పుడూ పొల్లు పోలేదు. కొత్త గ్లాసులు తీసి, తలొంచుకుని, అక్షరమక్షరం పైకి చదువుకుంటూ ప్రసన్న పేరు కొట్టిచ్చాడు. మేనత్త వెళ్లాక పాత ఆరింటినీ కాగితంలో చుట్టి పై అరలో వెనక్కి నెట్టేశాడు. కొట్టిన పేరు చెరపడానికి మిషన్ లేదు.

బతుకమ్మ సెలవులకు శ్రావ్య ఇంటికొచ్చింది. కాలేజీలో చిన్న ప్రాజెక్టు చేయాలట. రెండు ప్రోగ్రాముల్ని కలిపే పని నాన్న చేశాడని ఆ పిల్లకు తెలుసు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"డాడీ, నీ మధ్యవర్తి తెరుస్తున్న. చూడొచ్చు గదా?"

"చూడు" అన్నాడు రఘునాథ్, పళ్లేల మీద దుమ్ము తుడుస్తూ. రెండూ ఇరవై అయింది.

కొంచెంసేపు ఆ పిల్ల చదువుకుంటూ పోయింది. తర్వాత అంది: "దీంట్ల కొట్టేసిన ఓటీపీ వరుసలున్నయ్. ఎందుకు పెట్టినవ్?"

"పెట్టిన. తీసేసిండ్రు."

"తీసేసిన కాడ ఏదో రాసుంది. తెలుగుల. చదవాల్నా?"

రఘునాథ్ చేతిలో గుడ్డ ఆగింది. ప్రోగ్రాము రాసేవాళ్లు తర్వాత చూసేవాళ్ల కోసం వరుసల మధ్య మామూలు మాటల్లో ఒకటి రెండు ముక్కలు రాసిపెడుతుంటారు. మిషన్ వాటిని పట్టించుకోదు, మనుషులే చదువుకోవాలి. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. వద్దు అనేలోపు శ్రావ్య చదవడం మొదలుపెట్టింది.

"ఏ నాలుగంకెలు కొట్టినా తీసుకుంటదని మొదటి వారంలనే చూసిన. అయినా రోజూ అడిగిన. ఇగ దీన్ని తీసేస్తున్న. రఘునాథ్, ఫోన్ చేయనీకి పనే ఉండాల్నా? ఉత్తగ గూడ చెయ్యొచ్చు. రెండున్నరకు ఖాళీనే ఉంట."

చదవడం చివరికొచ్చేసరికి ఆ పిల్ల గొంతు తగ్గింది. కింద ఉన్న తేదీ ఆమె పైకి చదవలేదు. రఘునాథే వచ్చి భుజం మీదుగా చూశాడు. ఫిబ్రవరి పన్నెండు. ఇది అక్టోబర్.

శ్రావ్య లేచింది. తల్లి పోయిన ఏడు నుంచి తండ్రిని చూస్తున్న పిల్ల. రాసిందెవరని అడగలేదు. "రాజలింగం తాత దగ్గర సోడా తాగొస్త డాడీ" అంది. గడప దగ్గర ఆగి, "జర లేటయితది" అని కూడా చెప్పి వెళ్లింది.

రఘునాథ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ఎనిమిది నెలలు. తాను రాసిన రాతే, తాను పెట్టిన చోటే, ఒక్కసారి తెరిస్తే కనబడేది. ఫోన్ చేయమని ఆమె పిలిచిన పిలుపు అక్కడ ఎనిమిది నెలలుగా పడి ఉంది, తాను సిగ్గుతో అటు మొహం తిప్పుకుని చుక్కను చూస్తూ అన్నం తిన్నాడు. ఇన్నాళ్లూ జవాబివ్వని మనిషిని ఆమె ఏమనుకుని ఉంటుంది? చూసి కూడా ఊరుకున్నాడనే కదా. తన మీద తనకు పట్టరాని కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎదుటి దుకాణం వాళ్లు చూస్తారని కూడా తోచలేదు.

తెర మీద నర్సవ్వ పక్కన చుక్క ఆకుపచ్చగా వెలిగింది. ఫోన్ తీసి ఈసారి పేరు దగ్గర ఆగలేదు.

రెండోసారి మోగగానే ప్రమీల ఎత్తింది.

"ఏమైంది రఘునాథ్? ఆగిపోయిందా?"

"లేదు. నడుస్తున్నది."

"మరి?"

ఎప్పట్లా ఒక పని కోసం నాలుక వెతుక్కుంది. దొరికితే చెప్పేసేవాడేమో. దొరకలేదు.

"ఏం లేదు. ఉత్తగనే చేసిన."

ఫోన్ పెట్టేసిందేమోనని చెవి నుంచి తీసి చూశాడు. పెట్టలేదు.

"ఫిబ్రవరిల రాసిన అది" అంది ప్రమీల చివరికి.

"ఇయ్యాల చూసిన."

"ఇయ్యాలనా?" అంది. "జూన్ల కొత్త టైంటేబుల్ వేస్తుంటే, రెండున్నరకు నాకు క్లాసు పెట్టొద్దని కొట్లాడిన రఘునాథ్. ఎందుకు మేడం అంటే ఏం చెప్పాలె? రోజూ కంప్యూటర్ పెట్టుకుని కూసుంటున్న."

చెప్పాల్సినవి ఎనిమిది నెలలవి ఉన్నాయి. వాన సంగతి, ఆరు గ్లాసుల సంగతి, పదివేల ఆటల సంగతి.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న. నువ్వు?"

"ఇంక లేదు."

"డబ్బా తెరువు మరి. తినుకుంట మాట్లాడు" అంది ప్రమీల. "నాకిప్పుడేం పని లేదు."